‘అయినా’ తీసేసిన పాఠం

ప్రభుత్వం వారికి నా కథ నచ్చింది. నా కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. ఇంతకాలం అవి పెద్దగా ఎవరికీ నచ్చకపోవడం వల్ల అవీ నేనూ క్షేమంగా ఉన్నాం. ఈసారి ఎవరి కన్ను పడిందో, ఎనిమిదో తరగతి తెలుగు వాచకంలో నా కథను పాఠంగా పెట్టాలని నిర్ణయమైంది. పెట్టే ముందు ‘పాఠ్యాంశ సౌశీల్య పరిశీలక మండలి’ దాన్ని చూసి సరేననాలట. ఆ పేరు పలకడానికే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. అటువంటి మండలి నుంచి ఓ ఉత్తరం వచ్చింది.

‘మీ పాఠ్యాంశమందలి చెంచమ్మ అను పాత్ర సత్పాత్రయా, దుష్పాత్రయా అను విషయం స్పష్టం కానందున, సదరు పాత్ర తరఫున రచయిత స్వయంగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

చెంచమ్మ బతికుంటే తనే వెళ్ళేది. సంజాయిషీ మండలివాళ్ళు ఇచ్చుకుని ఉండేవాళ్ళు.

ఈ చెంచమ్మ నేను కల్పించిన మనిషి కాదు. నెల్లూరులో ఉండేది. భర్త పోయాక, వీధివైపు గదిని ఖాదర్ మస్తాన్ అనే దర్జీకి అద్దెకిచ్చింది. ఖాదర్‌కి భార్య లేదు, ఐదేళ్ళ కూతురుంది. సాయిబుకి గది ఇస్తావా అని చెంచమ్మ అన్నదమ్ములు గొడవకొస్తే గుమ్మంలోంచే తిప్పి పంపింది. ఖాదర్‌కి టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు పత్యం వండిపెట్టింది. పిల్లకు జడలు వేసింది, పలక మీద అక్షరాలు దిద్దించింది, రంజాన్ నెలంతా పొద్దుగూకే వేళకి గంజి సిద్ధంగా ఉంచింది. ఇవన్నీ చేస్తూనే వచ్చినవాళ్ళతో, “ఖాదరు సాయిబైనా బంగారమమ్మా” అనేది. “సాయిబుల బిడ్డయినా ఎంత శుభ్రంగా ఉంటాదో చూడండి” అనేది. మెచ్చుకుంటున్నాననే అనుకునేది పాపం.

పిల్లకు పదమూడేళ్ళొచ్చాక ఒకరోజు అడిగింది. “అవ్వా, ఆ ‘అయినా’ తీసేసి ఒక్కసారి చెప్పవా?”

చెంచమ్మ తెల్లబోయింది. “ఖాదరు...” అంది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. “నోరు తిరగడంలేదే బిడ్డా” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కథ అంతే.

ఆ పిల్ల ఇప్పుడు మెహరున్నీసా టీచరు. నెల్లూరికి దగ్గర్లోనే హైస్కూల్లో తెలుగు చెబుతుంది. కథ ఆమె నాకు చెప్పిందే. చెప్పేటప్పుడు ఒకే షరతు పెట్టింది. “అవ్వని దేవతని చెయ్యొద్దు సార్, రాక్షసినీ చెయ్యొద్దు. ఆమె అట్టా ఉండింది, అట్టనే ఉండనీండి.” సరేనన్నాను. కథ పాఠమవుతోందని తెలిశాక, ఎన్నో పాఠంగా వస్తుంది సార్ అని ఆమె ఫోన్‌లో రెండుసార్లు అడిగింది. ఏటా తన పిల్లల ముందు నిలబడి తన అవ్వని తను చదివి వినిపిస్తుంది. అవ్వ ఉన్నది ఉన్నట్టుగా ఆ తరగతిలోకి వెళ్ళాలి. అందుకే, ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా జవాబే రాయని నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మండలికి వెళ్ళాను.

పొడుగాటి బల్లకు ఒక చివర చైర్మన్ మార్కండేయులు గారు, పక్కన సభ్యకార్యదర్శి హైమావతి గారు. మిగతా సభ్యులు నలుగురూ జీడిపప్పు పలకరింపులో ఉన్నారు. హైమావతి గారు నా ముందుకో ఫారం తోశారు.

“ఇందులో రెండు గళ్ళున్నాయి. మొదటిది సత్పాత్ర, రెండోది దుష్పాత్ర. మీ చెంచమ్మ ఏ గడిలో కూర్చుంటుందో సెలవివ్వండి.”

“ఎందులోనూ కూర్చోదండి. కూర్చుంటే లేవలేదు, మోకాళ్ళ నొప్పులు.”

ఎవరూ నవ్వలేదు. హైమావతి గారు ‘మోకాళ్ళ నొప్పులు’ అని రాసుకున్నారు.

చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. “ఒక వర్గముపై దురభిప్రాయం గల వ్యక్తి అదే వర్గపు రోగికి ఇరవై దినములు పత్యము వండుట ఎట్లు సంభవం? ఇది పాత్రౌచిత్య భంగం కాదా?”

“వండిందండీ. నిజంగా జరిగింది.”

“జరగడం వేరు, మండలి ఆమోదించడం వేరు. మీరు దురభిప్రాయం ఉంచుకోదలిస్తే పత్యం తొలగించండి. పత్యం ఉంచుకోదలిస్తే దురభిప్రాయం తొలగించండి. రెండిటికీ చోటు లేదు.”

“ఆమెలో రెండిటికీ చోటుండేదండీ. మనిషి కాస్త లావు.”

హైమావతి గారు ‘లావు’ అని కూడా రాసుకుని, అంతలోనే కొట్టేశారు. లావు మనిషి మూసపాత్ర కిందికి వస్తుందట. మండలి నిషేధించిన మూసలు అరవై నాలుగున్నాయి. జాబితా నా చేతికిచ్చారు. దురభిప్రాయాలు గల స్త్రీకి రూపాయి బిళ్ళంత బొట్టు ఉండరాదు. నడుముకి తాళాల గుత్తి ఉండరాదు. గొంతు పెద్దదిగా ఉండరాదు. దురభిప్రాయానికి గురయ్యే ముస్లిం పాత్రకు లుంగీ, అత్తరు, గడ్డం, బిర్యానీ ఉండరాదు. జాబితా చాలా ఉపయోగకరంగా ఉందని తర్వాత తెలిసింది. మూసపాత్రలు రాసేవాళ్ళంతా అది దగ్గర పెట్టుకునే రాస్తున్నారు.

“మీ ఖాదర్ మస్తాన్ లుంగీ ధరించి ఉన్నాడు” అన్నారు హైమావతి గారు.

“ఆయనకి లుంగీ ఇష్టమండీ.”

“అభ్యంతరం లేదు. కానీ మూస అయిపోతుంది. ప్యాంటు వేయించండి.”

వేయించాను. దర్జీ కనక తనే కుట్టుకున్నాడు.

“దర్జీ అనేది కూడా జాబితాలో ముప్పై ఎనిమిదో అంశం.”

దాంతో ఖాదర్‌ని వాతావరణ శాఖలోకి బదిలీ చేశారు. గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ ఉండే ఉద్యోగం. ఆ ఒక్క మార్పూ నాకు సబబుగానే తోచింది. చెంచమ్మ బొట్టు చిన్నదైంది, గొంతు తగ్గింది, లావు పోయింది. ఇద్దరికీ మొహాలు చెరిగిపోయి, రేషన్ కార్డు మీది ఫోటోల్లా తయారయ్యారు. ఆ మధ్యాహ్నానికి కథలో ఇంకా ప్రాణంతో ఉన్నది ఒక్క మాటే. ‘అయినా.’

ఆ మాటను కనిపెట్టినవారు మార్కండేయులు గారే. కళ్ళజోడు పెట్టుకుని కథను మూడుసార్లు చదివి, బల్ల మీద చిన్నగా కొట్టారు.

“రచయిత గారూ, మనం చెంచమ్మను అపార్థం చేసుకున్నాం. ఈమె సాధ్వి. ఈమెలో ఏ దోషమూ లేదు. దోషమంతా ఈ పదంలో ఉంది. ‘సాయిబైనా మంచివాడు’ అనే వాక్యంలో సాయిబు మంచి మాట, మంచివాడు ఇంకా మంచి మాట. నడుమనున్న ‘అయినా’ అనేదే దురభిప్రాయం. దీన్ని తొలగిస్తే దురభిప్రాయము నిర్మూలమగును.”

సభ్యులు నలుగురూ చప్పట్లు కొట్టారు. అన్ని శతాబ్దాల జబ్బుకీ మూడక్షరాల దగ్గర మందు దొరికినందుకు హైమావతి గారి కళ్ళు చెమర్చాయి.

“దురభిప్రాయం చెంచమ్మ మనసులో ఉందండీ, మాటలో కాదు. మాట ఉంది కాబట్టే ఆ పిల్ల అడగగలిగింది” అన్నాను.

“మనసులు మా పరిధిలోకి రావు. మా పరిధి అచ్చుతప్పుల వరకే” అన్నారు చైర్మన్ గారు, చాలా వినయంగా.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘అయినా అను పదమూ, దాని ప్రత్యయ రూపములూ సమస్త తరగతుల, సమస్త పాఠ్యపుస్తకముల నుండి తొలగించి, తత్‌స్థానమున కాబట్టి అను సానుకూల పదమును చేర్చవలెను.’ నా కథలో చెంచమ్మ ఇప్పుడు, “ఖాదరు సాయిబు కాబట్టి బంగారమమ్మా” అంటోంది.

వెంటనే ఫోన్ చేశాను. “అమ్మా, ఇదీ మూసే కదా!”

“సానుకూల మూస. వాటికి మినహాయింపు ఉంది” అన్నారు హైమావతి గారు.

కథ చివర ఆ పిల్ల, “అవ్వా, ఆ ‘కాబట్టి’ తీసేసి ఒక్కసారి చెప్పవా?” అని అడుగుతోంది. ఎందుకు అడుగుతోందో ఇప్పుడు ఆ పిల్లకే తెలియదు.

నా ఒక్క పాఠంతో పోయేదైతే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. సమస్త తరగతులన్నారు కదా, కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు ఒక్క మీట నొక్కి పని కానిచ్చేశారు. నాలుగో తరగతి వాచకంలో ‘వాన కురిసింది కాబట్టి సోము బడి మానలేదు.’ చరిత్రలో రాజుగారు ‘ఓడిపోయాడు కాబట్టి లొంగిపోలేదు.’ విజ్ఞానశాస్త్రంలో ఒక లోహాన్ని ‘ఎంతో వేడి చేశారు కాబట్టి కరగలేదు.’ పౌరశాస్త్రంలో ‘పేదవాడు కాబట్టి, ధనికుడు కాబట్టి చట్టం ముందు అందరూ సమానులే’ అని వచ్చింది. ఆ వాక్యం చదివి ఒక రిటైర్డు మేజిస్ట్రేటు గారు పది నిమిషాలు ఆలోచనలో పడిపోయారని విన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. యంత్రానికి సాయిబూ తెలియదు, పక్షీ తెలియదు. ఒకటో తరగతి గేయంలో కొమ్మ మీద వాలిన మైనా కాస్తా ‘మకాబట్టి’ అయింది. చంటివాళ్ళు ఆ పక్షి బొమ్మ చూసి మకాబట్టి, మకాబట్టి అని ఎగురుతున్నారు. భూగోళంలో మన ఉత్తర సరిహద్దున ‘చకాబట్టి’ అనే కొత్త దేశం వెలిసింది. దాని జనాభా ఎక్కువనీ, దాని గోడ పొడుగనీ పిల్లలు బట్టీ పట్టారు. మా నెల్లూరు వైపు ఒకాయన, తన కొడుకు నైనా అని పిలవడం మానేసి ‘నకాబట్టి’ అంటున్నాడని పత్రికకు ఉత్తరం రాశాడు.

చకాబట్టి దాకా వచ్చేసరికి పై నుంచి అక్షింతలు పడ్డాయి. మండలి అత్యవసరంగా సమావేశమైంది. కథ తాలూకు అసలు మనిషిని తీసుకొస్తే మనసు మారుతుందేమోనని, మెహరున్నీసాని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఇక్కడ మార్కండేయులు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన్ని వెధవని చేసి చూపిస్తే నాకు హాయిగా ఉంటుంది. కానీ ఆయన వెధవ కాదు. మెహరున్నీసా గుమ్మంలోకి రాగానే లేచి నిలబడ్డారు. తన కుర్చీ పక్కన కుర్చీ వేయించారు. ఏ బడిలో పనిచేస్తున్నారమ్మా, అక్కడ ఇబ్బందులేమిటమ్మా అని అడిగి, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదని ఆమె చెబితే అక్కడికక్కడే మూడు ఫోన్లు చేసి, మూడో ఫోన్లో కేకలు వేశారు. ఆ తలుపు నాలుగు రోజుల్లో వచ్చింది. గొళ్ళెంతో సహా. నేను ఆ బడికి రెండుసార్లు వెళ్ళాను, తలుపు సంగతి నాకు తోచనే లేదు.

“సార్, నాదొక్క మనవి” అంది మెహరున్నీసా. “మా అవ్వ మాటల్ని మార్చొద్దు. ఆమె ఆ మాట అనేది. నాకు కష్టంగా ఉండేది. ఆమె పెట్టిన అన్నం కూడా నిజమే. పిల్లోళ్ళు రెండూ కలిపి చూడాలి సార్. వాళ్ళిళ్ళలో అందరికీ అట్టాటి అవ్వలే ఉండారు. వాళ్ళకి రాక్షసిని చూపిస్తే, మా ఇంట్లో రాక్షసులెవరూ లేరులే అనుకుంటారు.”

నాకు లేచి ఆమెకు దండం పెట్టాలనిపించింది. ముప్పై ఏళ్ళుగా రాస్తూ నేను చెప్పలేకపోయిన సంగతి అది.

చైర్మన్ గారు శ్రద్ధగా విన్నారు. మనసు నిజంగానే కదిలింది, ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. ఆమెను మెచ్చుకుందామని నోరు తెరిచారు. “మేడం గారు ముస్లిం...” అన్నారు.

ఆగారు. ఉత్తర్వు మీద సంతకం తనదే. అందరూ చూస్తున్నారు. ఆయన పెదవులు ఒకసారి కదిలి, మూసుకుని, మళ్ళీ తెరుచుకున్నాయి. “... తెలుగు ఎంత స్వచ్ఛంగా మాట్లాడుతున్నారు!”

బల్ల చుట్టూ అందరూ తల ఊపారు. నడుమ ఏమీ లేదు. ఏ మాటా లేదు. హైమావతి గారు ఆ ఖాళీని పరవశంగా చూసి, కలం అందుకున్నారు. “సార్, ఇదే! ఇదే పరిష్కారం! కాబట్టి కూడా అక్కర్లేదు. తమరు ఇప్పుడు చేసినట్టే చేయవచ్చు.”

అలా రెండో ఉత్తర్వు పుట్టింది. ‘వివాదాస్పద పదము గల ప్రతి చోట, మరే ఇతర పదమునూ చేర్చక, ఒక అంగుళం మేర మౌనము పాటించవలెను.’ మైనాకూ, చైనాకూ మానవతా దృష్టితో మినహాయింపు ఇచ్చారు.

బయట జోరున వాన పడుతోంది. చైర్మన్ గారు బస్టాండు దాకా దింపిరమ్మని తన కారు మాకిచ్చి, తను పోర్టికోలో నిలబడిపోయారు. కార్లో మెహరున్నీసా వెనక్కి తిరిగి పోర్టికో వైపు చూస్తూ కూర్చుంది. నేను మాత్రం బస్టాండు వచ్చేదాకా మండలిని తిడుతూనే ఉన్నాను. వాళ్ళకి మనుషులంటే తెలియదని, దురభిప్రాయాలు గుండెల్లో ఉంటే పుస్తకాల్లో వెతుకుతున్నారని, చాలా బాగా తిట్టాను. డ్రైవరు కూడా ఒకటి రెండుసార్లు మెచ్చుకోలుగా అద్దంలోంచి చూశాడు.

జూన్‌లో పుస్తకాలు వచ్చాయి. ఉత్తర్వులో మౌనం ఎలా అచ్చు వెయ్యాలో రాయలేదు. ప్రెస్సువాళ్ళు వాళ్ళకి తోచినట్టు, మౌనం ఉన్నచోటల్లా ఒక అంగుళం గీత గీశారు. నా పాఠం ఇలా ఉంది: ‘ఖాదరు సాయిబు ________ బంగారమమ్మా.’ కింద, ‘సాయిబుల బిడ్డ ________ ఎంత శుభ్రంగా ఉంటాదో చూడండి.’ ప్యాంటూ వాతావరణ శాఖా యథాతథంగా ఉన్నాయి. ఏమాత్రం తెలివున్న పిల్లలైనా... క్షమించాలి, తెలివున్న పిల్లలు ________ ఆ గీతల్ని చూసి ఏం చేస్తారో మండలిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. మెహరున్నీసా ఫోన్ చేస్తే తెలిసింది.

“సార్, పాఠం మొదలుపెట్టినా ఇయ్యాళ. ముందు మీరే ఒకసారి చదువుకోండి అని చెప్పి హాజరు వేసుకుంటా ఉండా. తలెత్తి చూస్తే అందరూ పెన్సిళ్ళు తీసి రాస్తా ఉండారు. ఏందిరా అంటే, ఖాళీలు పూరిస్తుండాం టీచర్ అన్నారు.”

“మీరు పూరించమన్నారా?”

“లేదు సార్. గీతుంటే పూరించాల్సిందే అని వాళ్ళకి ఒకటో క్లాసు నుంచీ నేర్పినాం గదా. పుస్తకాలన్నీ తెప్పించి చూసినా. నలభై ఒకటి. ఒకరిది ఒకరు చూసి రాసింది కాదు, నేను చూస్తానే ఉండా. అందరూ ఒకటే రాసినారు. ‘అయినా.’ ఒక్క తప్పు లేదు సార్. ఖాదరు సాయిబు అయినా బంగారమమ్మా. అచ్చం మా అవ్వ అన్నట్టే.”

నాకు నవ్వాగలేదు. ఇన్ని సమావేశాలు, రెండు ఉత్తర్వులు, అంతా కలిసి చివరికి ఎనిమిదో తరగతి పిల్లల పెన్సిళ్ళ ముందు చతికిలబడ్డాయి. మండలి పుస్తకంలోంచి తీసేసిన మాట పిల్లల దగ్గర పదిలంగా ఉంది! ఇది వెంటనే మార్కండేయులు గారికి చెప్పాలి, ఆయన మొహం చూడాలి అనుకున్నాను. ఆ సంబరంలో ఫోన్లోనే అడిగాను.

“నలభై ఒక్కరూనా? మీవాళ్ళ పిల్లలు కూడానా?”

అటువైపు పుస్తకాల దొంతర బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

“ఎవరు సార్ మావాళ్ళు?” అంది మెహరున్నీసా.

కోపంగా అనలేదు. మామూలుగా, తరగతిలో ప్రశ్న అడిగినట్టే అడిగింది. నేను ఏదో చెప్పబోయాను. తరగతిలో ముస్లిం పిల్లలూ ఉంటారు కదా, వాళ్ళు కూడా అలా రాశారంటే బాధగా ఉందనీ, నా ఉద్దేశం అదేననీ చెప్పబోయాను. నా ఉద్దేశం మంచిదే. అదే మంచి ఉద్దేశంతో చెంచమ్మ పత్యం వండింది, మార్కండేయులు గారు తలుపు పెట్టించారు. నేను వాళ్ళిద్దరి కంటే ఒక మెట్టు పైన నిలబడి ఏడాదిగా ఎగతాళి చేస్తున్నాను. “పొరపాటైందమ్మా” అన్నాను.

“పర్లేదు సార్. మీరు అన్నారు గనక నేను అడగగలిగినా. మా అవ్వా అనేది, అడిగినా. మండలిలో ఆ పెద్దాయన ఇంక జన్మలో ఆ మాట అనడు. ఆయన్ని ఏమని అడిగేది?”

వెనక బెల్లు మోగింది, పిల్లల గోల వినిపించింది.

“వస్తా సార్. ఒక్కొక్కరినీ లేపి, వాళ్ళు రాసింది వాళ్ళ చేతనే పైకి చదివించాలి” అని ఫోన్ పెట్టేసింది.